చేతినుంచి కాదు

జనవరి 9

వంటింటి బల్ల మీదుండే డైరీలో చలి ఎంత ఉందో, కోళ్ళు ఎన్ని గుడ్లు పెట్టాయో, ఎవరు వచ్చి వెళ్ళారో రాస్తాను. దాన్ని ఎవరైనా తీసి చదువుతారు. ఇది వేరే పుస్తకం, దుప్పట్ల పెట్టె అడుగున ఉంటుంది. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. మాటలు సరిగా కుదరకపోయినా ఇక్కడ నవ్వేవాళ్ళు లేరు.

ఇవాళ నగరంలో ఆస్పత్రికి వెళ్ళాం. ఈయన రక్తానికి పట్టిన క్యాన్సరు మందులకు అణిగింది గాని మళ్ళీ లేస్తుందట. ఎముకల్లో రక్తాన్ని పుట్టించే కణాలు ఉంటాయట. అవి ఇంకొకరివి తెచ్చి ఈయనకు పెట్టాలి. తోబుట్టువులవయితే మంచిది. ఈయనకు అయిదుగురు. అందరి రక్తమూ పరీక్ష చేశారు. నలుగురిది కుదరలేదు. ఒకరిది పూర్తిగా కుదిరింది.

డాక్టరమ్మ నవ్వుముఖంతో ఆ పేరు చదివింది. ఈయన తల దించుకున్నాడు. పేరు తప్పు చదివానేమో అనుకుని ఆవిడ కాగితం మళ్ళీ చూసుకుంది.

లొవీనా.

జనవరి 10

మంచు పడుతూనే ఉంది. అత్తయ్య పొద్దున్నే పక్క చిన్నింట్లోంచి వచ్చి మా పొయ్యి దగ్గర కూర్చుంది. తన పొయ్యి ఉండగా.

"రెండు నెలలు ముందు ఇల్లొదిలి పోయినా బాగుండేది" అంది. ఈయన అక్క లొవీనా వదిన సంగతి ఎప్పుడెత్తినా అక్కడే మొదలుపెడుతుంది. "బాప్తిస్మానికి ముందు పోయి ఆ ట్యాంకరు డ్రైవర్ని చేసుకుని ఉంటే ఎవడూ ఏమీ అనేవాడు కాదు. మోకాళ్ళ మీద కూర్చుని, మాటిచ్చి, నీళ్ళు పోయించుకుని అప్పుడు పోయింది. ఎవరి మొహం చూసి ఆగిందో మరి."

"మీ మొహం చూసే అయుంటుంది అత్తయ్యా" అన్నాను. నేను అలా మాట్లాడను. ఎలా వచ్చిందో నోట్లోంచి.

అత్తయ్య పొయ్యిలోకి ఒక కట్టె తోసింది. "అయుంటుంది" అంది.

జనవరి 12, ఆదివారం

ప్రార్థన అయ్యాక బిషప్పు మెల్విన్ మా ఇంటికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"వెలిలో ఉన్నదానికి మనం ఇవ్వచ్చు ఈనోస్" అన్నాడు. "ఆకలైతే పెట్టచ్చు. కొట్టం కాలితే వెళ్ళి కట్టిపెట్టచ్చు. దాని చేతినుంచి మనం పుచ్చుకోకూడదు. అది నువ్వూ నేనూ పెట్టిన మాట కాదు."

"ప్రాణం మీదికొస్తే?" అంది అత్తయ్య.

"ప్రాణం మీదికొస్తే ఎవరడుగుతారు కెటూరా? నేనైతే వీణ్ణి నిలబెట్టి అడగను."

"మీరు అడగకపోతే నన్ను నేనే అడుక్కుంటాను" అన్నాడు ఈయన. "అక్కని వెలివేసిన రోజు సంఘంలో ఒక్కొక్కరినీ అడిగారు. నేనూ సరే అన్నాను. అప్పుడు సరే అని, ఇప్పుడు నాకు అవసరం వచ్చింది కాబట్టి కాదంటే ఏం బాగుంటుంది?"

బిషప్పు టోపీ అటూ ఇటూ తిప్పాడు. ఆయన మంచివాడు. నేను కాల్చిపెట్టిన ఆపిల్ రొట్టె సగం తిని, మిగతాది తన ముసల్దానికని రుమాల్లో కట్టుకుని వెళ్ళాడు.

ఈయనకు ఇరవై ఏడేళ్ళు.

జనవరి 16

మళ్ళీ ఆస్పత్రి. నర్సు లోపలికొచ్చి, ఆమిష్ వాళ్ళు, అంటే కరెంటూ సొంత కార్లూ వద్దనుకున్న మా సంఘంవాళ్ళు, కాఫీ తాగుతారా అని నన్నడిగింది. "పోస్తే తాగుతాం" అంది అత్తయ్య.

డాక్టరమ్మ హాలొరన్ నెమ్మదిగా చెప్పింది. గుర్తున్నంత రాస్తున్నాను.

"ఈ కణాల్ని మూడు చోట్లనుంచి తేవచ్చు. తుంటి ఎముకలోంచి మూలుగ తీయచ్చు. లేదంటే చేతి నరంలోంచి. నాలుగైదు రోజులు సూదులు వేస్తే ఎముకలో ఉన్నవి రక్తంలోకి వచ్చేస్తాయి, యంత్రం వాటిని ఏరుకుని మిగతా రక్తం వెనక్కి పంపేస్తుంది. మూడోది, పుట్టిన బిడ్డ బొడ్డుతాడులో మిగిలే రక్తం. అది మీకు పనికిరాదు, వదిలేద్దాం."

నేను ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

"ఏది మంచిది?" అన్నాడు ఈయన.

"చేతిలోంచి తీసింది త్వరగా నాటుకుంటుంది. తుంటిది ఓ వారం ఆలస్యం. మీ ఊపిరితిత్తిలో బూజు మచ్చ ఉంది కదా, ఒంట్లో రక్షణ లేని ఆ వారమే మీకు గండం. కానీ చేతిది పెట్టించుకున్నవాళ్ళకి తర్వాత బాధలు ఎక్కువ. వచ్చిన రక్తం, ఈ ఒళ్ళు నాది కాదని గుర్తుపట్టి తిరగబడుతుంది. చర్మం, నోరు, కళ్ళు, ఒక్కోసారి ఊపిరి. తుంటి మూలుగతో అది తక్కువ. నన్నడిగితే మీకు చేతిదే. ముందు బతకండి, తర్వాతది తర్వాత చూసుకుందాం."

ఈయన ముందుకు వంగాడు.

"తుంటిలోంచి తీసేటప్పుడు మా అక్కకి మెలకువ ఉంటుందా?"

"ఉండదు. పూర్తిగా మత్తిచ్చి బోర్లా పడుకోబెడతాం."

"చేతిలోంచి అయితే?"

"కుర్చీలో కూర్చుని టీవీ చూస్తుంది."

"అయితే తుంటిదే" అన్నాడు.

డాక్టరమ్మ నా వైపు చూసింది, నేనేమైనా విడమరిచి చెబుతానేమో అని. నేను మళ్ళీ చేతులు చూసుకున్నాను.

బయట నడవాలో అత్తయ్య నా చెవిలో అంది. "ఎముకలోంచి తీసేటప్పుడు మత్తిస్తారని విని, వాడికి రాత్రంతా చెప్పాను. మత్తులో ఉన్న మనిషి ఏమీ ఇవ్వదురా, దాని దగ్గర తీసుకుంటారు, అంతే. పైగా ఆ ఎముక ఎవరు కన్నది? నాది నా కొడుక్కి వస్తోంది. మధ్యలో దాని పెత్తనమేంటి?" చెబుతూ చెబుతూ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఏదో ఒకటి చెప్పాలి కదే. లేకపోతే అసలే వద్దనేవాడు."

అడగాలనుకున్నది అడగలేదు.

జనవరి 23

అడిగాను.

వాళ్ళిద్దరినీ వాన్ దగ్గరికి పంపి, శాలువా మర్చిపోయానని వెనక్కి వెళ్ళాను. శాలువా నా భుజం మీదే ఉంది. డాక్టరమ్మ దాన్ని చూసి కుర్చీ చూపించింది.

"బొడ్డుతాడు రక్తం వదిలేద్దామన్నారు" అన్నాను.

"అవును."

"బిడ్డ ఆయనదే అయినా?"

ఆవిడ లేచి తలుపు వేసింది. "ఎన్నో నెల?"

నాలుగు వేళ్ళు చూపించాను. మా అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు. మా వాళ్ళలో ఇది ఎవరూ నోటితో చెప్పరు. ఏప్రను ఎత్తుగా కట్టుకుంటే చూసినవాళ్ళు తెలుసుకుంటారు.

ఆవిడ నా పక్కన కూర్చుంది. తాడులో ఉండేది అరకప్పు రక్తం, పసిపిల్లలకు చాలుతుంది గాని ఎదిగిన మనిషికి చాలదంది. కుదరడం కాస్త అటూ ఇటూ అయినా ఆ రక్తం సర్దుకుపోతుంది, అది దానిలో మంచి గుణం. కానీ నాటుకోవడం అన్నిటికంటే నెమ్మది. పైగా బిడ్డ తండ్రికి సగమే కుదురుతుంది. మిగతా సగం నాది.

"ఇంకొకటి, నీ బిడ్డ జూన్ దాటితే గాని రాదు" అని ఆగింది.

ఆగినచోటే నాకు అర్థమయింది.

ఆయన సొంత బిడ్డది తీసుకుంటే ఎవరి చేతినుంచీ పుచ్చుకోనక్కర్లేదు కదా అని నా ఆశ. వారం నుంచి గుండెల్లో పెట్టుకుని తిరిగాను. అరకప్పు.

ఫిబ్రవరి 4

లొవీనా వదిన వచ్చింది. ఆస్పత్రిలో తన పరీక్షలన్నీ అయ్యాయట. జీన్సు ప్యాంటు, పొట్టి జుట్టు. ఈయన ముక్కే.

అత్తయ్య ఎప్పటిలాగే రెండు బల్లలు వేసింది. వెలిలో ఉన్నవాళ్ళతో ఒకే బల్ల దగ్గర తినకూడదు గనక మధ్యలో అరచెయ్యంత ఖాళీ. పైన ఒకటే బట్ట పరిచింది, ఖాళీ కనబడకుండా. వదిన చిన్నబల్ల దగ్గర, మేము పెద్దబల్ల దగ్గర. తెలియనివాళ్ళు చూస్తే ఒకే బల్ల అనుకుంటారు.

"ఏం మరదలా, మా వాడు నిన్ను మాట్లాడనివ్వడా, నువ్వే మాట్లాడవా?" అంది నన్ను.

"నేనే" అన్నాను.

"నయం."

ఈయన తలెత్తకుండా తింటున్నాడు. వదిన ఈయన్నే చూస్తోంది. "ఒరే ఈనోస్. ఎనిమిదేళ్ళకి నా దగ్గర్నుంచి ఒకటి కావాలన్నావు. అదీ వెనకనుంచి."

అత్తయ్యకు బంగాళాదుంప గొంతుకు అడ్డం పడింది. నవ్వో ఏడుపో తెలియలేదు. ఈయన చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత ఆయనా నవ్వాడు. ఈ జబ్బు వచ్చాక ఆ నవ్వు వినలేదు.

ఉప్పు కావాలంటే వదిన గిన్నెను బట్ట మీద ఇటు జరిపింది, ఆమె చెయ్యి వెనక్కి తీసుకున్నాక అత్తయ్య అందుకుంది. ఇద్దరికీ అలవాటే. మాట్లాడుకుంటూనే చేశారు.

ఫిబ్రవరి 24

ఆస్పత్రిలో చేర్చుకున్నారు. గడ్డం తీసేశారు.

ఫిబ్రవరి 27

మాలో పెళ్ళయ్యాకే గడ్డం పెంచుతారు. గడ్డం లేకుండా ఈయన పెళ్ళికాని కుర్రాడిలా ఉన్నాడు. చూడలేకపోతున్నాను. అద్దం అడగలేదు, నయం.

మార్చి 2

ఈయన మూలుగంతా మందులతో చంపేశారు. కొత్తది పడాలంటే పాతది పోవాలట. నోరంతా పుళ్ళు. నొప్పికి ఏదో మందు సన్నగా ఎక్కుతోంది. మాట తడబడుతోంది. ఈయన కళ్ళకి కొంతసేపు నేను నేనే, కొంతసేపు వాళ్ళ అమ్మని.

కానీ మంగళవారం వదినది తీస్తారు. మంగళవారం దాకా ఆగితే చాలు.

మార్చి 4

నడవాలో కూర్చుని ఉంటే డాక్టరమ్మ వచ్చింది, తలకి టోపీతోనే.

"మీ వదినకి మత్తివ్వగానే గుండె అదుపు తప్పింది. ఆపేశాం. ఆమె బాగుంది, కంగారు పడకు. కానీ మళ్ళీ మత్తివ్వను."

"మరి ఈయనకి?"

"ఇవాళే సూదులు మొదలుపెడితే ఆదివారానికి చేతిలోంచి తీయచ్చు. ఇంకో దారి లేదు ఓర్ఫా. అతనిలో ఇప్పుడు మూలుగ లేదు. ఖాళీ."

"ఆయన్ని అడగండి."

"అడిగాను. గుర్రాలకు నీళ్ళు పెట్టావా అని నన్నడిగాడు."

ఆవిడ నవ్వలేదు. తాను చెప్పలేని స్థితిలో ఉంటే భార్య మాటే తన మాట అని ఈయన రాసిచ్చాడట. చేర్చుకున్న రోజు ఆ కాగితం నాకూ చూపించి ఉంటారు. ఇలా అవుతుందని ఎవరనుకున్నారు?

సరే అన్నాను.

రెండోసారి అడిగింది, అర్థమయిందా అని. సరే అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. పాలు కావాలా అంటే చెప్పినట్టు.

"తెలివొచ్చాక అతనికి చెప్పాలి. నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

"నేను చెబుతాను."

మార్చి 5

నిద్రలో ఉన్నాడు గనక చెప్పలేదు.

మార్చి 6

తెలివిలో లేడు.

మార్చి 7

పొద్దున కొంచెం తెలివి వచ్చింది. "అక్క ఎలా ఉంది?" అన్నాడు. బాగుంది అన్నాను. "చాలా నొప్పెట్టిందా?" లేదు అన్నాను. రెండూ నిజమే.

ఇన్ని పుళ్ళతో ఉన్నవాడికి ఇప్పుడెందుకు.

మార్చి 9, ఆదివారం

వదినను చూడటానికి కింది అంతస్తుకు వెళ్ళాను. రెండు చేతులకూ సూదులు. ఒక చేతిలోంచి రక్తం యంత్రంలోకి వెళుతోంది, రెండో చేతిలోకి తిరిగి వస్తోంది. చేతులు కదపకూడదు. పక్కన ఆమె భర్త డ్వేన్ కుర్చీలో గురక పెడుతున్నాడు.

"ఆదివారం పూట పని చేస్తున్నా" అంది. "ఇది కూడా రాసుకోమను మీ బిషప్పుని."

నేను మంచం చివర నిలబడ్డాను. సూదులకు ఎముకలన్నీ పీకుతున్నాయని నర్సు చెప్పింది. వదిన మొహం తెల్లగా ఉంది.

"వాడికి తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

ఆమె తల దిండుకేసి కొట్టుకుంది. "తెలిస్తే పీకి పారేసేవాడు. మొండి వెధవ. చిన్నప్పుడు కాలు విరిగితే కట్టు విప్పుకున్నాడు, గొర్రెలకి మేత వేస్తానని మాటిచ్చానని." తర్వాత ముక్కు ముడిచింది. "ఇదిగో మరదలా. ఇటు రా. నా ముక్కు దురద. చేతులు రెండూ కట్టేశారు, ఈయనగారేమో ట్యాంకరు తోలుతున్నాడు నిద్రలో. మీరు నాకు ఇవ్వచ్చుగా? గోకు."

గోకాను. ఇంకాస్త ఎడమకి అంది. గోకాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. నాకు నవ్వుతో పాటు ఏడుపు వచ్చింది, ఆమె చూసి కళ్ళు మూసుకుంది.

సాయంత్రానికి సంచి వచ్చింది. గులాబీ ఎరుపు. తుంటిది కూడా ఎర్రగానే ఉంటుందట, నర్సును అడిగాను. ఈయన కళ్ళు తెరిచి చూశాడు.

"మూలుగేనా?"

"వదినది వచ్చింది" అన్నాను.

అబద్ధం చెప్పలేదు.

మార్చి 13

అత్తయ్య వచ్చింది. మంగళవారం తీయాల్సింది ఆదివారం ఎందుకు తీశారని అడగలేదు. అన్నీ అడిగే మనిషి.

మార్చి 23

పడింది. నాటుకుంది. డాక్టరమ్మ కాగితం మీద అంకెలు చూపించింది. సున్నాలు పోయి వేరే అంకెలు వచ్చాయి. త్వరగా వచ్చాయంది. ఊపిరితిత్తిలో మచ్చ పెరగలేదు. తుంటిదైతే ఇంకో వారం ఆగాలి, ఆ వారం ఈయన దాటేవాడో లేదో అంది.

దాటేవాడు కాదు. ఆవిడ అలా అనలేదు, నేననుకున్నాను. అలా అనుకుంటే నాకు బాగుంది.

"చెప్పావా?" అంది.

తల ఊపాను. ఎటు ఊపానో నాకు తెలుసు.

ఏప్రిల్ 19

ఇంటికి తెచ్చాం. ఈయన తన జీనుల షాపులోకి వెళ్ళి వేలాడుతున్న జీనులూ కళ్ళాలూ ఊరికే ముట్టుకుని వచ్చాడు. తోలు వాసన పీల్చకూడదన్నారు. గుమ్మం దగ్గర నిలబడి పీల్చాడు.

మే 11

బిషప్పు వచ్చాడు. ఈయనే తీశాడు మాట. "తుంటిలోంచి తీశారు. అక్క మత్తులో ఉంది. నా మనసులో ఏ మచ్చా లేదు."

"మంచిది" అన్నాడు బిషప్పు. "మంచిది ఈనోస్."

నేను కాఫీ పోస్తున్నాను. పళ్ళెంలో ఒలికింది. నా నెలలు చూసి కూర్చోమన్నారు ఇద్దరూ.

అప్పుడు చెప్పాల్సింది. ఎదురుగా బిషప్పు ఉన్నాడు, కలిసొచ్చేది. చెబితే ఏమవుతుంది? సంఘం ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాను. అందరి ముందు నోరు విప్పాలి. అందుకే చెప్పలేదనుకుంటాను. నాకు సిగ్గెక్కువ కదా.

మే 12

సిగ్గు వల్ల కాదు.

జులై 6

పాప పుట్టింది. ఇంట్లోనే. మంత్రసాని బొడ్డు కోసి తాడును బకెట్లో వేసింది. దాని చివరనుంచి రక్తం కారుతోంది. చూశాను. అరకప్పు కూడా ఉండదు.

ఈయన పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు ఇటు తిరగలేదు.

సెప్టెంబరు 3

ఈయన నోరు ఎండిపోతోంది. నీళ్ళు లేకుండా రొట్టె మింగలేడు. కళ్ళలో ఇసుక పోసినట్టుందంటాడు. మోచేతుల దగ్గర చర్మం బిగిసి మెరుస్తోంది. ఎండ తగిలి ఉంటుంది. మొన్న కంచె దగ్గర చాలాసేపు ఉన్నాడు.

సెప్టెంబరు 18

ఎండ కాదు. డాక్టర్ హాలొరన్ చర్మం ముక్క తీసి చూసింది. వచ్చిన రక్తం ఈయన ఒంటి మీద తిరగబడుతోంది. తగ్గించే మాత్రలు ఇచ్చింది, మొహం ఉబ్బుతుందంది. ఎన్నాళ్ళు అంటే చెప్పలేదు. కొందరికి ఏళ్ళంది.

వాన్‌లో వస్తూ ఈయన అన్నాడు. "చేతిలోంచి తీసుకుంటే ఇది ఎక్కువ అంటుందిగా ఆవిడ. తుంటిదయినా ఇంత ఉంటే, చేతిదైతే ఎలా ఉండేదో."

నేను పాపకు పాలిస్తున్నాను. శాలువా మొహం మీదకు కూడా లాక్కున్నాను.

సెప్టెంబరు 30

రోజూ స్నానమయ్యాక ఈయన వీపుకూ చేతులకూ మందు రాస్తాను. చర్మం కింద చెక్క పెట్టినట్టుంది. ఇవాళ ఈయన నవ్వి, "జీనుకి నూనె రాసినట్టే రాస్తున్నావు. షాపులో పనిలోకి తీసుకోవాల్సింది నిన్ను" అన్నాడు.

"గట్టిగా రాస్తున్నానా?"

"జీను ఎప్పుడైనా చెప్పిందా?"

మళ్ళీ మళ్ళీ ఒకటే లెక్క వేసుకుంటున్నాను. తుంటిదైతే చచ్చిపోయేవాడు, కాబట్టి సరే. తుంటిదైతే ఈ బాధ ఉండేది కాదు, కాబట్టి కాదు. అసలు తుంటిది లేదు. ఉన్నది ఒకటే. ఉన్నది ఒకటే అయినప్పుడు నేను చేసిందేముంది? సరే అన్నాను, అంతే.

చెప్పకపోవడం వేరే. అది నేను చేసిందే.

అక్టోబరు 11

లొవీనా వదిన పాపను చూడటానికి వచ్చింది. అత్తయ్య ఊళ్ళో లేదు, అందుకని బల్లలు నేనే వేశాను. బట్ట సరిగా పరచడం రాలేదు, మధ్యలో కుంగింది. వదిన అంచు పట్టుకుని లాగి సరిచేసింది.

ఈయనను చూసి మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "బుగ్గలొచ్చాయేంట్రా? అమ్మ వంట మానేసి మరదలి వంట తింటున్నావా?"

"మాత్రలవి" అన్నాడు ఈయన. నెమ్మదిగా కూర్చున్నాడు, కాళ్ళు వంగడానికి టైం పడుతోంది. తర్వాత అడిగాడు. "నీ తుంటి ఇంకా నొప్పిగా ఉందా అక్కా?"

నా చేతిలో పులుసు గిన్నె ఉంది. కింద పెట్టలేదు, పట్టుకునే నిలబడ్డాను.

వదిన నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది. "వాన పడితే కాస్త లాగుతుంది" అంది. "ఎడమ పక్క."

"రెండు పక్కలా తీస్తామన్నారుగా."

"ఎడమ పక్క ఎక్కువ తీసినట్టున్నారు. నేను మత్తులో ఉన్నా, నన్నడుగుతావేంటి?"

ఈయన తల ఊపి చెంచా అందుకున్నాడు. ముగ్గురం పులుసు తాగాం. వదిన ఇంకేవో కబుర్లు చెప్పింది, డ్వేన్ పాల ట్యాంకరు బురదలో కూరుకుపోయిన సంగతి. వెళుతూ వెళుతూ వాకిట్లో నా భుజం మీద రెండుసార్లు తట్టింది. గట్టిగా, గుర్రాన్ని తట్టినట్టు.

వెలిలో ఉన్న మనిషి నాకోసం అబద్ధమాడింది. అది కూడా తీసుకోవడమే కదా.

ఆమె కారు మలుపు తిరిగేదాకా ఈయన గుమ్మంలోనే ఉన్నాడు.

"చిన్నప్పుడు అక్క పంచదార దొంగతనంగా తినేది. అమ్మ అడిగితే ఇలాగే కిటికీలోకి చూస్తూ చెప్పేది" అన్నాడు.

పాప ఉయ్యాలలో కదిలింది. ఉయ్యాలను ఒకసారి ఊపాను.

"మీకొకటి చెప్పాలి" అన్నాను.

"వద్దు."

"మార్చిలో మీకు తెలివి..."

"వద్దు ఓర్ఫా. నువ్వు చెబితే నాకు తెలుస్తుంది." గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "తెలిస్తే సంఘం ముందుకు వెళ్ళాలి. మోకాళ్ళ మీద కూర్చోవాలి. మోకాళ్ళు ఎలాగూ వంగడం లేదనుకో. కూర్చోవడానికి నాకేం భయం లేదు. కూర్చుని, ఇది తప్పు, చేసినందుకు బాధపడుతున్నాను, అనాలి. పాపను చూశాక ఆ మాట నా నోటికి రాదు. రాని మాట దేవుడి ముందు ఎలా అనను? అందుకని నాకు చెప్పకు. ఎప్పుడూ చెప్పకు."

"నాకు బరువుగా ఉంది" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "నువ్వే మొయ్యాలి. నేను పట్టలేను."

కోపంగా అనలేదు. గడ్డి మోపు ఎవరు ఎత్తాలో చెప్పినట్టు అన్నాడు. తర్వాత పాపను ఇమ్మని చేతులు చాచాడు. మోచేతులు పూర్తిగా చాపుకోవు, సగంలో ఆగిపోయాయి. ఆ సగంలో పడుకోబెట్టాను.

అక్టోబరు 21

ఊపిరితిత్తుల పరీక్ష. గొట్టంలోకి గాలి ఊదమన్నారు. మూడుసార్లూ ముల్లు సగం దాకానే వెళ్ళింది. మచ్చ కాదు, మచ్చ పోయింది. ఇది ఆ తిరగబడటమే, ఊపిరిలో కూడా మొదలైంది అంది డాక్టర్ హాలొరన్. గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు, ఉన్నది నిలబెట్టుకోవడమేనంది.

"ఇలా జరగచ్చని ముందే అనుకున్నదే" అంది. "చేతిలోంచి తీసినప్పుడు..."

ఈయన దగ్గాడు. ఆవిడ ఆగింది. ఈయన ఇంకా దగ్గుతూనే ఉన్నాడు, మొహం ఎర్రబడేదాకా, ఆవిడ లేచి నీళ్ళు ఇచ్చేదాకా. నీళ్ళు తాగాక వచ్చే నెల ఎప్పుడు రావాలని అడిగాడు. ఆవిడ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి తేదీ చెప్పింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కావాలనే దగ్గాడనుకున్నాను. వాన్ ఎక్కాక ఆయన చేతిమీద చెయ్యి వేశాను, నాకు తెలిసిందని చెప్పడానికి.

ఇంటికొచ్చే దారంతా దగ్గుతూనే ఉన్నాడు.